కుడివైపు కింది మూల

నా వీపు మీద ఇప్పటిదాకా పదకొండు వందల వెబ్ పేజీలు తెరుచుకున్నాయి. నవ్వకండి, ఈ లెక్క ప్రయోగశాల వాళ్లది. వాటిలో కనీసం తొమ్మిది వందలు చెత్తగా ఉన్నాయన్నది మాత్రం నా లెక్క.

నా పేరు చిత్రలేఖ. మాది కాకినాడ. ఈ పేరు పెట్టిన రోజుకి నాకు చూపు లేదని మా నాన్నకు తెలియదు. తెలిశాక కూడా మార్చలేదు. "పేరు బావుంది కదా, దానికి చూపుతో ఏం పని?" అన్నాడట. వెలుతురుకీ చీకటికీ తేడా తెలుస్తుంది నాకు, అంతే. వెబ్ డెవలపర్‌గా పనిచేస్తాను. ఆ మాట వినగానే జనం ఒక్క క్షణం ఆగి "అదెలాగండీ?" అంటారు. వేళ్లతో రాస్తాను, చెవులతో చదువుతాను. నా స్క్రీన్ రీడర్ ఎంత వేగంగా మాట్లాడుతుందంటే, పక్కన కూర్చున్నవాళ్లు దానికి పిచ్చెక్కిందనుకుంటారు. నాకు మాత్రం ఒక్క అక్షరం పోదు.

నాకు అందకుండా పోయేది వేరే ఉంది. పేజీలో ఏముందో చెవి చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. పెట్టె మీద పెట్టె ఎక్కి కూర్చున్నా, వరస వంకర పోయినా చెవికి అన్నీ ఒకటే. అందుకని ఎవరినో ఒకరిని అడగాలి. మా ఆఫీసులో నా పక్క సీటు ఫణీంద్రది. మంచివాడు, ఆ మంచితనంతోనే నా ప్రాణం తీసేవాడు. "ఫణీ, ఈ పేజీ ఎలా ఉంది?" అంటే "బాగుందండి" అనేవాడు. ఒకసారి కావాలని శీర్షికను తీసుకెళ్లి పేజీ అడుగున పడేసి అడిగాను. "బాగుందండి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. జాలిపడి బాగుందనేకంటే నా ముఖంలా ఉందన్నా సంతోషించేదాన్ని.

ఆ మంటలో ఉన్నప్పుడే డాక్టర్ వారిజ గారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఊరి చివర ఆవిడ నడిపే ప్రయోగశాలలో చూపు లేనివాళ్ల కోసం ఒక పలక తయారు చేశారు. మెత్తటి గుడ్డలాంటి పలక, దాని నిండా చీమ తలకాయంత మొనలు, నాలుగు వేలకు పైగా. వీపుకి అంటించుకుంటే తెర మీద పేజీ ఎలా ఉందో అలాగే వీపు మీద దిగుతుంది. బటన్ ఉన్నచోట ఉబ్బుతుంది, బొమ్మ ఉన్నచోట గరగరలాడుతుంది, ఖాళీ ఉన్నచోట ఊరుకుంటుంది. నలభై మంది వీపుల మీద ప్రయత్నిస్తే ఎవరికీ సరిగ్గా అంతు చిక్కలేదు. నేను వెళ్లాక నా వీపు మీద ఆవిడ మొదట ఒక్క అక్షరం వేశారు.

"క్ష" అన్నాను.

ఇంకోటి వేశారు. అదీ చెప్పాను. పదిహేను అక్షరాలయ్యాక వారిజ గారు కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"మీ వీపుకి చదువొచ్చండీ! ఎవరు నేర్పారు?"

"మా నాన్న."

మా నాన్న నూకరాజు బోర్డులు రాసే పెయింటరు. ఒకప్పుడు కాకినాడ మెయిన్ రోడ్డులో బట్టల కొట్టయినా డాక్టరు గారి ఆసుపత్రయినా బోర్డు మీద అక్షరం ఆయనదే. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. సాయంత్రం పని నుంచి రాగానే నాన్న బ్రష్షులన్నీ కిరసనాయిలుతో కడిగేవాడు. బాగా ఆరిన ఎనిమిదో నంబరు బ్రష్షు తీసుకుని, నన్ను ముందు కూర్చోబెట్టుకుని, నా వీపు మీద అక్షరాలు రాసేవాడు. ఆ కిరసనాయిలు వాసనలోనే నాకు అక్షరాలొచ్చాయి. "అక్షరానికీ అక్షరానికీ మధ్య గాలాడాలే. నాలుగు పక్కలా చోటొదలాలి. ఇరికిస్తే బోర్డు అరిచినట్టుంటాది" అనేవాడు. ఇవాళ నేను పేజీలు కట్టేది ఆ మాటలతోనే. రాయడం అయిపోగానే బ్రష్షు కాడతో కిటికీ గట్టు మీద టక్ టక్‌మని రెండుసార్లు కొట్టేవాడు. అంటే, ఇక చెప్పు అని.

బోర్డు పూర్తయ్యాక కుడివైపు కింది మూలలో చిన్న అక్షరాలతో 'నూకరాజు ఆర్ట్స్' అని వేసేవాడట. అది విన్నప్పటినుంచీ నాకో పట్టుదల.

"నా మీద పేరెందుకు వెయ్యవు నాన్నా?"

"పూర్తయిన బోర్డు మీదే పేరేత్తాను. నువ్వింకా పూర్తవలేదు కదా" అనేవాడు.

పదో తరగతి పాసయ్యాక అడిగాను, ఉద్యోగం వచ్చాక అడిగాను, అదే జవాబు. తర్వాత ఫ్లెక్సీలొచ్చి నాన్న పనిని తుడిచిపెట్టేశాయి. ఫ్లెక్సీలు పుట్టేది కంప్యూటర్లోంచే కాబట్టి ఇక జన్మలో ఆ పెట్టె ముందు కూర్చోనని ఒట్టు పెట్టుకున్నాడు. కూతురేమో పొద్దస్తమానం దాని ముందే కూర్చుంటుంది. ఒకే ఇంట్లో ఉంటాం, ఏం చేస్తాం! కానీ పొద్దున్న నేను ఆఫీసుకి బయల్దేరే ముందు వీపు మీద ఒక మాట రాయడం మాత్రం మానలేదు. వానాకాలం 'గొడుగు', నాకు జ్వరం తగ్గిన రోజుల్లో 'జాగ్రత్త', ఫణీంద్రతో గొడవపడిన మర్నాడు 'కోపం తగ్గించు'.

"మీ నాన్నగారు మా పని సగం చేసిపెట్టారు" అన్నారు వారిజ గారు. ఆ మాటకి ఇంటికొచ్చేదాకా నా నోరు మూతపడలేదు.

పలక పెట్టుకున్న మూడో వారంలో నేను కట్టిన పేజీ మొదటిసారి నా వీపు మీద తెరుచుకుంది. పైన అడ్డంగా మెనూ, దాని కింద మూడు పెట్టెలు. మూడో పెట్టె మిగతా రెంటికన్నా వేలెడు కిందికి జారి ఉంది.

"ఫణీ! మూడో పెట్టె కిందికి జారింది కదూ?"

"అవునండి... కొంచెం."

"మరి నిన్న బాగుందన్నావు?"

"మీరు బాధపడతారేమోనని..."

నేను ఏడ్చాను. అతను భయపడి మంచినీళ్లు తెచ్చాడు. ఆ ఏడుపు ఎంత హాయిగా ఉందో అతనికి చెప్పినా అర్థం కాదని ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆరు నెలలు నన్ను పట్టేవాళ్లు లేరు. పక్క టీముల వాళ్లు కూడా పేజీలు తెచ్చి నా వీపుకి చూపించుకునేవారు. పలకకి ఒక్కటే లోపం. బ్యాటరీ కుడివైపు కింది మూలలో, చివరి పక్కటెముక దగ్గర ఉండేది. అక్కడ నాలుగు వేళ్ల వెడల్పున మొనలు లేవు. పేజీలో ఆ కాస్త మూల నాకు అందదు. పేజీని పక్కకి జరపమని అడిగితే వారిజ గారు ఒప్పుకోలేదు. వీపు మీద ప్రతి చోటుకీ ఇంటి నంబరు ఉన్నట్టేనట, జరిపితే మొత్తం తికమక అవుతుందట. పోనీలే, మూలే కదా అనుకున్నాను.

ఆ మూలే నా కొంప ముంచింది. ఆరు ఊళ్లలో కేంద్రాలున్న ఒక కిడ్నీ ఆసుపత్రికి డయాలసిస్ బుకింగ్ పేజీ కట్టాను. 'ఖాయం చెయ్యండి' అనే బటన్ కుడివైపు కింది మూలలో ఉంది. 'మీకేం సాయం కావాలి' అని అడిగే గుండ్రటి బొమ్మ వచ్చి సరిగ్గా దాని మీద కూర్చుంది. స్క్రీన్ రీడర్ రెండిటినీ చక్కగా చదివింది. వీపుకి అక్కడ మొనలు లేవు. ఫణీంద్రని అడగడం నేను ఎప్పుడో మానేశాను. రెండు రోజులు ఎవరికీ బుకింగ్ కాలేదు. తుని నుంచి ఒక పెద్దాయన బస్సులో వచ్చి, పేరు లేదని తిరిగి వెళ్లాల్సివచ్చింది. ఆయన ఫోన్‌లో చేసిన ఫిర్యాదు నాకు వినిపించారు. "నొక్కుతూనే ఉన్నానమ్మా, ఇంకేదో వత్తంది. నాకు రాదనుకుని మా ఆవిడ నన్ను కసురుకుంది" అంటున్నాడాయన. తప్పు తనదే అనుకుంటున్నాడు పాపం. మర్నాడు ఆయనకి డయాలసిస్ చేశారని తెలిసేదాకా నాకు ముద్ద దిగలేదు.

ఆ వారమే ప్రయోగశాలకి వెళ్లి వారిజ గారితో పోట్లాడాను. "ఏం చేస్తారో నాకు తెలీదు, ఆ మూల నింపండి" అన్నాను. బ్యాటరీ చిన్నది చెయ్యడానికి రెండు నెలలు పడుతుందన్నారు. సరేనన్నాను. అడిగింది నేనే. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఇంటి సంగతి. నేను సిగ్గుపడాల్సింది ఇక్కడే ఉంది.

పలక పెట్టుకున్న నాలుగో నెలకి, ఇంట్లో అది తీసేసి ఉన్నప్పుడు కూడా దోమలు నన్ను వీపు మీద కుట్టడం మానేశాయనుకున్నాను. నిజానికి అవి కుడుతూనే ఉన్నాయి, నాకే తెలియడం లేదు. అదీ ఒక సుఖమే అనుకున్నాను, బుద్ధి లేక. ఐదో నెలలో ఒక పొద్దున్న నాన్న రాసిన మాట సగమే తెలిసింది. ఆరో నెలకి బ్రష్షు ఆనిందని కూడా తెలియడం మానేసింది.

చెప్పేయాల్సింది, చెప్పలేదు. చెబితే పలక తీసెయ్యమంటాడేమోనని ఒక భయం. ఆయన మనసు కష్టపెట్టుకుంటాడేమోనని ఇంకో భయం. ఊహించి నెట్టుకొచ్చాను. టక్ టక్‌మని గట్టు మీద కొట్టగానే, బయట వాన ఉంటే 'గొడుగు', లేకపోతే 'జాగ్రత్త' అనేదాన్ని. తప్పితే, "తొందరలో ఉన్నాను నాన్నా, సరిగ్గా పట్టించుకోలేదు" అని తప్పించుకునేదాన్ని. ఫణీంద్ర నాకు రోజూ 'బాగుందండి' అన్నట్టే, నేను మా నాన్నకి చెబుతూ వచ్చాను. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

ఒక బుధవారం పొద్దున్న వీపు తిప్పి నిలబడ్డాను. కాసేపటికి టక్ టక్‌మంది.

"జాగ్రత్త" అన్నాను.

మళ్లీ టక్ టక్.

"జాగ్రత్తే కదా నాన్నా?"

"నేనింకా ఏమీ రాయలేదమ్మా" అన్నాడు. "రెండుసార్లూ గట్టు మీద కొట్టాను, అంతే."

అలాగే కింద కూర్చున్నాను. నాన్న నా పక్కన కూర్చుని బ్రష్షు నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఎన్నాళ్లయ్యింది?"

"మూడు నెలలు."

"మూడు నెలల్నుంచీ నేను గోడ మీద రాత్తన్నానా?" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆ గొంతులో కోపం లేదు.

ఇద్దరం ప్రయోగశాలకి వెళ్లాం. వారిజ గారు దూదితో, వేలితో నా వీపంతా చూశారు. తర్వాత తనే చెప్పారు. వీపుకి ఎప్పుడూ ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది. చొక్కా, కుర్చీ, చెమట, ఫ్యాను గాలి. ఆ గోల ఆపకపోతే పేజీ తెలియదు. అందుకని మొనల నుంచి రాని స్పర్శ దేన్నయినా పట్టించుకోవద్దని పలక చర్మానికి నెమ్మదిగా నేర్పుతుంది. నా వీపు ఆ పాఠం చాలా బాగా నేర్చుకుంది.

"ఆపాల్సిన వాటి జాబితాలో చొక్కా రాసుకున్నాం, కుర్చీ రాసుకున్నాం. ఆ గోలలో మనిషి చెయ్యి కూడా పోతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు లేఖ గారూ. అందరం ఒంటరిగా కూర్చుని పనిచేసేవాళ్లమే. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు."

"తీసేస్తే తిరిగొస్తుందా?" అని నాన్న అడిగాడు.

"రావచ్చు, రాకపోవచ్చు. ఇంతకాలం పెట్టుకున్నది ప్రపంచంలో ఈవిడొక్కరేనండి. అబద్ధం చెప్పలేను."

నాన్న లేచాడు. సంచిలోంచి బ్రష్షు తీశాడు. ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియాలి. "నేనొకసారి చూత్తానండి" అని నా వెనక్కి వచ్చాడు.

"ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడ తెలుత్తందా?"

"లేదు నాన్నా."

మెడ కింద నుంచి మొదలుపెట్టి, బోర్డుకి మొదటి పూత వేసినట్టు ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క వరసే దిగుతూ వచ్చాడు. ప్రతి వరసకీ అడుగుతున్నాడు, నేను లేదంటున్నాను. లేదన్న ప్రతిసారీ ఆయన ఊపిరి ఇంకాస్త బరువుగా వస్తోంది. ఇక ఆపెయ్యమని అడుగుదామనుకున్నాను.

అంతలో బ్రష్షు తగిలింది!

మెత్తగా, పొడిగా, చక్కిలిగింత పెడుతూ. నేను ఎగిరిపడ్డాను. "అక్కడే! అక్కడే నాన్నా! ఇంకోసారి!"

కుడివైపు, కింద, చివరి పక్కటెముక దగ్గర. బ్యాటరీ ఉన్న చోటు. అక్కడ మొనలు లేవు కాబట్టి పాఠమూ లేదు. నాలుగు వేళ్ల వెడల్పు, అంతే మిగిలింది.

మేమిద్దరం నవ్వుతున్నాం, ఏడుస్తున్నాం. వారిజ గారు మాత్రం బల్ల మీదున్న ఒక పెట్టెని మా వైపు జరిపారు.

"మీరడిగిన కొత్త పలక నిన్ననే తయారయింది. బ్యాటరీ గోరంత చేశాం. మూల కూడా నిండింది" అన్నారు, తప్పు చేసినదానిలా.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న గట్టిగానే మొదలుపెట్టాడు.

"కొత్తది పెట్టుకో. ఆ తుని పెద్దాయనలాంటోళ్లు నీ పేజీ నమ్ముకుని ఉంటారు. నా గీతలదేముందే? మెయిన్ రోడ్డు నిండా నా బోర్డులుండేవి, అన్నీ పోయాయి. నేను బతకలేదా?"

"నేను బోర్డునా?"

"కాదనుకో..."

"నువ్వు గోడ మీద రాస్తున్నానా అన్నావే, ఆ మాట నాకు ఇంకా చెవిలో ఉంది. పెద్దాయన సంగతి నేను చూసుకుంటాను. ఆ మూలలో ఏముందో అడిగి తెలుసుకుంటాను. ఒకర్ని అడగడం నామోషీ అనుకున్నందుకే కదా ఆయన అన్ని అవస్థలు పడ్డాడు?"

"ఎవర్నడుగుతావు? బాగుందండీ గారినా?"

"నిన్ను."

నాన్న కంచం పక్కకి జరిపాడు. "ఆ పెట్టె ముందు కూచోనని ఒట్టేసుకున్నాను" అన్నాడు.

"నీ ఒట్టు గట్టు మీద పెట్టు!" అన్నాను. తండ్రితో అలా మాట్లాడకూడదని తెలుసు. కానీ నాకు కోపం తగ్గించుకోమని వీపు మీద రాయడానికి మునుపటంత చోటు ఆయనకి ఇప్పుడు లేదు కదా.

మర్నాడు వారిజ గారికి కొత్త పలక తిరిగి ఇచ్చేశాను. పాతదే పెట్టుకుంటానన్నాను. పోయిన మేర ఎలాగూ పోయింది, అందులో పేజీలైనా తెరుచుకోనీ. ఇకముందు ఎవరికి పలక అంటించినా వీపు మీద ఒక చోటు ఖాళీగా వదలాలని, ఏ చోటో పెట్టుకునేవాళ్లనే అడగాలని, మిగతా చోట మనిషి చెయ్యి తెలియకుండా పోతుందని ముందే చెప్పాలని పట్టుబట్టాను. ఆవిడ ఒక్క మాటకీ అడ్డు చెప్పలేదు. "ఆ ఖాళీకి ఏం పేరు పెడదాం?" అన్నారు. "పేరెందుకండీ, వదిలితే చాలు" అన్నాను.

ఆదివారం పొద్దున్న, అప్పట్లో ఆ బొమ్మని హడావిడిగా పక్కకి జరిపి వదిలేసిన ఆసుపత్రి పేజీని మళ్లీ తెరిచాను. మెనూ, రోగి పేరు, కేంద్రం, తేదీ, అన్నీ వీపు మీద వాటి వాటి చోట్లలో దిగాయి. కింది మూల మాత్రం నిశ్శబ్దం.

"నాన్నా, ఒకసారి రా."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. వచ్చాడు. కుర్చీ లాగిన చప్పుడు, కూర్చోకుండా నిలబడ్డ చప్పుడు, చివరికి కూర్చున్న చప్పుడు. కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

"కుడివైపు కింది మూలలో ఏముందో చెప్పు."

ఆయన ముఖం తెర దగ్గరికి వెళ్లినట్టుంది. ఊపిరి గాజుకి తగిలి వెనక్కి వస్తోంది.

"ఖాయం చెయ్యండని ఉంది. దాని పక్కన ఒక గుండ్రటి బొమ్మ. దాన్ని ఎక్కలేదు గానీ, ఆనుకుని ఉంది. మధ్యన గాలాడట్లేదమ్మా."

"ఎంత జరపాలి?"

"రెండు వేళ్లు పైకి... ఊఁ, ఇంకొంచెం. ఆగు. ఆ, ఇప్పుడు బావుంది." కాసేపు ఆగి, "ఆ అక్షరాలు ఎవరేశారే? మరీ ఈనుపుల్లల్లా ఉన్నాయి. ముసలోళ్లు చదువుకోవద్దా?" అన్నాడు.

నేను అక్షరాలు లావు చేశాను. నాన్న ఆ పేజీని పై నుంచి కింది దాకా ఏకి పారేశాడు. అంత హాయిగా తిట్లు తిని చాలా ఏళ్లయింది నాకు. పని అయ్యేసరికి పదకొండయింది. పలక తీసి బల్ల మీద పెట్టాను.

నాన్న లేచి నా వెనక్కి వచ్చాడు. బ్రష్షుని అరచేతి మీద తాటించుకుంటున్న చప్పుడు. ఆ మూలలోనే కదా రాయగలడు, ఏం రాస్తాడా అని ఊపిరి బిగబట్టాను. పెద్ద పెద్ద బోర్డులు రాసిన చెయ్యి ఆ నాలుగు వేళ్ల చోటులో ఇబ్బంది పడుతోంది. చిన్నచిన్న గీతలు, నెమ్మదిగా, ఒక్కొక్కటే. మొదటి అక్షరం తెలిసింది. రెండోది తెలిసింది. మూడో అక్షరం దగ్గరికి వచ్చేసరికి మిగతావేమిటో తెలిసిపోయింది.

గట్టు మీద టక్ టక్‌మంది.

"నూకరాజు ఆర్ట్స్" అన్నాను. "అంటే నేను పూర్తయ్యానా నాన్నా?"

"ఎక్కడ పూర్తయ్యావు! ఈ చోటు కూడా పోతాదేమోనని ముందే వేసేసుకున్నాను" అన్నాడు. "అక్షరాలు సరిగ్గా పడ్డాయా?"

ప్రతి గీతా నాకు తెలిసింది.

"లేదు నాన్నా, సరిగ్గా తెలియలేదు. మళ్లీ వెయ్యి" అన్నాను.

అబద్ధమని ఆయనకు తెలుసు. మళ్లీ వేశాడు.